ఆపుకోవడం నేర్పే గది

మా అక్కకు ముక్కుమీద కోపం అంటారు ఆసుపత్రిలో. నన్నడిగితే అది తప్పు. ముక్కుమీద కోపం ఉన్నవాళ్ళకు ఒక్క అరుపు అరిస్తే దిగిపోతుంది. మా అక్క కోపం పొద్దున డ్యూటీ ఎక్కకముందే మొదలై, సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడిచాక కూడా చల్లారదు. కాకపోతే ఆ కోపంలో న్యాయం ఉంది. ఆవిడ చేసే పనే అలాంటిది.

అక్క ఫిజియోథెరపిస్టు. విరిగిన చేతులూ, పట్టేసిన నడుములూ చూసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు కింద అద్దాల తలుపుల హాలుంది. మా అక్క చూసేది బాలింతలను. కాన్పయ్యాక తుమ్మినా, దగ్గినా, పకపకా నవ్వినా, బిడ్డను ఎత్తుకోబోయినా తెలియకుండానే ఒంటేలు జారిపోతుందే, అదీ సంగతి. సాగిపోయి నీరసించిన కండరాలకు కసరత్తు నేర్పి మళ్ళీ బలం తెప్పించాలి. చెప్పడానికి ఇంతే. చేయించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఎందుకంటే ఆ కండరాలు కంటికి కనబడవు, చేత్తో చూపించడానికి సిగ్గు, నోటితో చెబుదామంటే సరైన మాట లేదు.

నేను అదే ఆసుపత్రిలో కింద ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చుంటాను. అక్క దగ్గరికి పోవాల్సినవాళ్ళను దూరం నుంచే గుర్తుపడతాను. వరసలో తమ వంతు వచ్చేకొద్దీ వెనకవాళ్ళను ముందుకు పంపిస్తుంటారు. తీరా కిటికీ దాకా వచ్చాక నోరు పెగలదు.

"ఏ డిపార్టుమెంటమ్మా?"

"అదే... పైన... ఆ మేడం."

"పైన బోలెడుమంది మేడాలున్నారు తల్లీ. ఎవరు?"

"అదేనండీ... ఆ గది."

వెనకనుంచి మగవాళ్ళు త్వరగా కానివ్వమంటారు. ఇక లాభం లేదని నేనే చీటీ రాసిచ్చి మెట్లు చూపిస్తాను. మెట్లెక్కేది ఎంతమందో, సగంలో ఆగి ఇంటికి పోయేది ఎంతమందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ గది ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే గది. కాన్పుల వార్డు చివర, లిఫ్టు పక్కన ఉంటుంది. అక్కకు ఇచ్చి ఏళ్ళు గడిచినా, ఎక్కడ మంచం కోడు విరిగినా వార్డుబాయ్ అలవాటుగా దాన్ని తెచ్చి అక్కడే తోసేసి పోతాడు. అక్క దాన్ని మళ్ళీ వరండాలోకి తోస్తుంది. వాడు మళ్ళీ తెస్తాడు. తలుపు గడియ పడదు. లోపల ఎవరైనా చాప మీద పడుకుని కసరత్తు చేస్తుంటే, వాళ్ళతో వచ్చిన తల్లో అత్తో బయట తలుపుకు వీపు ఆనించి నిలబడాలి. ఒకసారి అలా నిలబడ్డావిడ ఫోనొచ్చి పక్కకు జరిగితే, తలుపు దానంతటదే తెరుచుకుని, లిఫ్టు కోసం నిలబడ్డ జనమంతా లోపలికి చూశారు. ఆ చాప మీదున్న పిల్ల మళ్ళీ రాలేదు. అక్క గడియ గురించి తిరగని ఆఫీసు లేదు. "ఏముందమ్మా, నాలుగు మాటలు చెప్పి పంపేదానికి గడియెందుకు?" అన్నాడట ఇంజనీరు.

అసలు గొడవ ఆ నాలుగు మాటలతోనే.

మొదట్లో అక్క పుస్తకాల్లో ఉన్న మాటే వాడింది. గోడమీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: "కటి కండరాలను బిగించండి, వదలండి." చదువుకున్నవాళ్ళకు కటి అంటే తెలుస్తుంది, కటి అంటే నడుము కింది భాగం. తక్కినవాళ్ళ సంగతి అక్క ఆలోచించలేదు. ఒక బాలింత వారం తర్వాత వచ్చింది, మొహం పీక్కుపోయి, అడుగు తీసి అడుగు వేయలేక. తగ్గకపోగా ఎక్కువైంది మేడం అంది. అక్క ఆమెను పడుకోబెట్టి చూస్తే, పొట్టచుట్టూ పాత దుప్పటి చీల్చి కట్టిన కట్టు. వేలు కూడా దూరనంత బిగువు.

"ఇదెవరు కట్టమన్నారమ్మా?"

"మీరే కదా మేడం. కట్టి బిగించమని గోడమీద రాశారుగా. మా ఆయన మోకాలు పెట్టి మరీ బిగించాడు, పాపం."

పొట్టను అలా బిగిస్తే బరువంతా కిందికి తోస్తుంది. ఉన్న కాస్త ఆధారం కూడా పోతుంది. అక్క ఆ కట్టు విప్పి, నెమ్మదిగా మళ్ళీ చెప్పి పంపిందట. ఆమె వెళ్ళాక మాత్రం గోడమీది కాగితం చింపి ఉండ చుట్టి, నా కిటికీ దాకా వచ్చి నా మొహాన కొట్టినంత పని చేసింది. "ఏం భాషే ఇది, ఒక్క ఒత్తు తేడాకి కటి కాస్తా కట్టి అయింది! కటి అట, కటి! ఎవరమ్మ మొగుడు పెట్టాడు ఆ పేరు!" వరసలో ఉన్నవాళ్ళు ఆవిడకు ఏదో అయిందనుకున్నారు.

అక్క ఇంతలా తన్నుకులాడటానికి కారణం మా అమ్మ. మా అమ్మ నవ్వేది కాదు. చిన్నప్పుడు మేమిద్దరం ఎన్ని కోతివేషాలు వేసినా, మొహం గంటు పెట్టుకుని లేచి లోపలికి పోయేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు కూర్చుని కబుర్లాడుతుంటే వాకిట్లోనే నిలబడి రెండు మాటలాడి వచ్చేసేది. ఆవిడకు గర్వమని అందరూ అనుకున్నారు. మేమూ మా అమ్మది రాతి గుండె అనుకున్నాం. అక్క ఈ చదువు చదివి, సెలవుల్లో ఇంటికొచ్చి, ఒకరోజు అమ్మ పక్కన పడుకుని నెమ్మదిగా అడిగితే చెప్పిందట: చిన్నదాన్ని, అంటే నన్ను, కన్నప్పటి నుంచీ నవ్వితే తడిసిపోతుందని. అందుకని నవ్వడమే మానేసిందట. ఎవరికి చెప్పుకోను, అందరికీ ఉండేదేగా అందట. ఆ మాట విన్నప్పటి నుంచీ ఎవరు "అందరికీ ఉండేదే" అన్నా మా అక్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా పెద్ద డాక్టరమ్మ రౌండ్సులో ఆ మాట రోజూ అంటుంది. ఇక ఊహించుకోండి.

కటి పోయాక అక్క ఎవరికైనా తెలిసే మాట కోసం వెతికింది. వెతికి వెతికి పట్టుకుంది: ఆపుకోవడం. "ఒంటేలు ఆపుకున్నట్టు బిగించు, తర్వాత వదిలెయ్" అంటే ఏ ఊరి మనిషికైనా అర్థమవుతుంది. నిజంగానే అర్థమైంది. మొహాలు విప్పారాయి. అక్కకు వార్డులో "ఆపుకో మేడం" అని పేరు పడింది. కాస్త గర్వపడింది కూడా. తప్పేముంది, ఏళ్ళ తరబడి గోడకు చెప్పుకున్నట్టు చెప్పిన మనిషి.

ఆ రోజుల్లోనే వచ్చింది కండక్టరు.

బస్సు కండక్టరు. మనిషి సన్నం, గొంతు మాత్రం నిండు బస్సులో వెనక సీటు దాకా వినబడేది. అందరిలా గొణగలేదు. కిటికీలోకి తల దూర్చి, "మేడం, తుమ్మితే తడిసిపోయేదానికి చీటీ ఇక్కడే రాస్తారా?" అంది. వరస మొత్తం చప్పబడిపోయింది. నా చేతిలో పెన్ను కింద పడింది. ఇన్నేళ్ళలో ఆ మాటను ఆ మాటగా అన్న మనిషి ఆమె ఒక్కతే.

విషయం ఏమిటంటే, కాన్పు సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన కొత్తలోనే, కిక్కిరిసిన బస్సులో ఎవరిదో సంచి జరపబోయి వంగింది. యూనిఫాం తడిసిపోయింది. అందరూ చూశారు. ఎవరో ఫిర్యాదు పెట్టారు. డిపో మేనేజరు పిలిచి, ఇంకోసారి ఇలాంటిది జరిగితే నిన్ను బస్సు దింపి సామాన్ల గదిలో కూర్చోబెడతానన్నాడు. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ, సంచులూ దాచిపెట్టే గది అది. కిటికీ కూడా లేదట.

"నేనేమైనా మరిచిపోయిన గొడుగునా మేడం, మూల పడెయ్యడానికి?" అంది అక్కతో. "నాకు బస్సు కావాలి. జనం కావాలి. అరిచి గోల చెయ్యాలి. ఆ గదిలో కూర్చోబెడితే నేను చస్తా."

ఆరోజు వార్డులో కాన్పుల మీద కాన్పులు. అక్క గదిలో జనం. తలుపు దగ్గర ఎవరో ఏడుస్తున్నారు. అక్క ఆమెను కూర్చోబెట్టి, ఎలా చెయ్యాలో గబగబా చెప్పింది. "ఆపుకోవడం నేర్చుకోవాలి, రోజూ చెయ్యాలి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి."

"ఆపుకోవడమా?" అని కండక్టరు నవ్వింది. "అది నాకు మా బాగా వచ్చు మేడం. మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగానే ఉంది అక్క. నెలైనా తిరక్కుండానే కండక్టరును వాళ్ళమ్మ ఆటోలో తీసుకొచ్చింది. చలిజ్వరం, వణుకు, నడుం నొప్పి, ఒంటికి పోతే నిప్పులు పోసినట్టు మంట. పెద్ద డాక్టరమ్మ చూసి మూత్రసంచికి చీము పట్టిందని చెప్పి సూదులు రాసింది. జారిపోవడం తగ్గకపోగా రెట్టింపైంది. జ్వరం కాస్త దిగాక అక్క ఆమె మంచం దగ్గరికెళ్ళి, ఏం చేశావమ్మా అని అడిగింది.

"మీరు చెప్పినట్టే మేడం. పొద్దున డ్యూటీ ఎక్కేముందు వెళ్తాను. మళ్ళీ మధ్యాహ్నం దిగాకే. ఆ తర్వాత సాయంత్రం దాకా లాగాను. రోజురోజుకీ పెంచుకుంటూ పోయాను. ఆపుకోవడం తేలికవుతుందని నీళ్ళు కూడా మానేశాను."

అక్క ఆ పక్కన ఉన్న స్టూలు మీద కూలబడింది.

"నేను చెప్పింది రోజంతా ఆపుకోమని కాదే తల్లీ! ఆపుకున్నట్టు ఒక్క క్షణం బిగించి వదిలెయ్యమని!"

"వదిలెయ్యమని మీరు అన్లేదు మేడం."

"అన్నాను!"

"అంటే చెయ్యనా? ఆపుకోవడం నాకు మీరు నేర్పాలా అని ఆరోజే అనుకున్నా. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ అదే పని కదా. పెద్దావిడ, చదువుకున్నావిడ, ఇంకా గట్టిగా ఆపుకోమంటుందంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నా."

ఆ సాయంత్రం ఇంట్లో అక్క అన్నం కంచం తోసేసింది. బావ ఏమైందని అడిగితే, "ఆడవాళ్ళకు ఆపుకో అంటే ఏ అర్థం తెలుసో నాకు తట్టొద్దా?" అని ఆయన మీద అరిచింది. "పుట్టినప్పట్నుంచీ అన్నీ ఆపుకోమనే చెబుతారు. నేను మళ్ళీ తగుదునమ్మా అని అదే చెప్పాను." బావ పాపం ఏమంటే ఏం తప్పో అని కంచం తీసి కడిగేశాడు.

కండక్టరు లేచి తిరిగాక అక్క మళ్ళీ మొదటినుంచి పట్టుకుంది. ఈసారి నేనూ అక్కడే ఉన్నాను, తలుపుకు వీపు ఆనించి. అక్క "బిగించు" అంటుంది. ఆమె ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించి, మొహం ఎర్రగా చేసుకుంటుంది. "ఊపిరి కాదమ్మా, కింద!" అంటుంది అక్క. ఆమె కిందికి తోస్తుంది. "కిందికి తొయ్యకు, పైకి లాగు!" అంటే భుజాలు పైకెత్తుతుంది. అక్క నెత్తీ నోరూ బాదుకుంది. చివరికి విసిగిపోయి, "లోపలికీ, పైకీ! లోపలికీ, పైకీ! ఇంతకంటే ఎలా చెప్పను!" అని కేకపెట్టింది.

కండక్టరు పడుకున్నదల్లా ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "లోపలికి జరగండి, పైకి ఎక్కండి! ఇదేనా మేడం? ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేననేదేగా!"

"అయితే అను. అంటూ చెయ్."

ఆమె బస్సులో అరిచినట్టే అరిచింది. "లోపలికి జరగండీ... పైకి ఎక్కండీ..." అరుస్తూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదు. ఊపిరి గొంతుతో పాటు బయటికి పోతుంటే, ఆ కండరం దానంతటదే లోపలికీ పైకీ కదిలింది. అక్క ఆమె పొట్టమీద చెయ్యి పెట్టి చూసి, "ఆ! అదే! ఇప్పుడు వదిలెయ్, పూర్తిగా వదిలెయ్!" అంది. "దిగేవాళ్ళు దిగండి" అంది కండక్టరు వదిలేస్తూ. తలుపుకానుకుని నేను నవ్వు పట్టలేక చచ్చాను.

ఆ తర్వాత ఆ గదిలో అదే మంత్రమైంది. బాలింతలంతా చాపల మీద పడుకుని "లోపలికి జరగండి" అని అరుస్తుంటే, లిఫ్టు దగ్గరున్నవాళ్ళు నిజంగానే లోపలికి జరిగేవాళ్ళు. పెద్ద డాక్టరమ్మ ఇది ఆసుపత్రా, బస్టాండా అని కబురు చేసింది. అక్క లెక్కచెయ్యలేదు. కండక్టరు పట్టు వదలని మనిషి. ఎప్పుడు తుమ్ము వచ్చేలా ఉన్నా ముందు బిగించి అప్పుడు తుమ్మడం నేర్చుకుంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, తడవడం తగ్గింది. ఒకరోజు నా కిటికీ దగ్గరికొచ్చి, చీటీ అక్కర్లేదు మేడం అని, అందరి ముందూ గట్టిగా దగ్గి చూపించింది. "చూశారా? చుక్క లేదు!" మళ్ళీ వరస చప్పబడిపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అక్క కోపం కూడా ఒక మెట్టు దిగేది.

కండక్టరు జ్వరం సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరబోయే ముందు అక్క ఆమెకు జాగ్రత్తలు చెప్పింది. నీళ్ళు బాగా తాగు, గొంతు ఎండబెట్టుకోకు. వచ్చినప్పుడు వెళ్ళు, గంటల తరబడి బిగపట్టుకుని కూర్చోకు, మళ్ళీ చీము పడితే చేసిందంతా బూడిదలో పోసినట్టే.

"వెళ్ళమంటే వెళ్తాను. ఎక్కడికి వెళ్ళను మేడం?" అంది కండక్టరు.

అక్కకు అర్థం కాలేదు. మా వారపు సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని ఆ బస్సు ఆఖరి స్టేజీ దాకా వెళ్ళి చూసింది. రేకుల షెడ్డు, దాని వెనక డ్రైవర్లూ కండక్టర్లూ నిలబడే గోడ. గోడ నిండా మరకలు. మగవాళ్ళ పని ఆ గోడతో అయిపోతుంది. ఆ పక్కన "మహిళలు" అని రాసి ఉన్న తలుపు, దానికి తుప్పు పట్టిన తాళం. బస్సుల వేళలు చూసే ఆయన్ను తాళంచెవి ఎక్కడుందని అడిగితే, నేను వచ్చేనాటికే అలా ఉందమ్మా అన్నాడు. దారిలో బస్సు ఆగే ఏ స్టాపులోనూ ఆడవాళ్ళకు చోటు లేదు. అటు డిపోలో దిగితే తప్ప ఆమెకు గతి లేదు. ఆ ట్రాఫిక్కులో వెళ్ళి రావడానికి పూటంతా పడుతుంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని కండక్టరును అడిగింది అక్క.

"ఏమని చెప్పను? ఇప్పటికే నా పేరు చెబితే మేనేజరు ముక్కు మూసుకుంటాడు. తాళం సంగతెత్తితే, చూశావా, ఈమెకింకా తగ్గలేదు, గొడుగుల గదికి పంపు అంటాడు."

అక్క తానే అడుగుతానంది. నేను వద్దన్నాను, మనకెందుకన్నాను. వింటేగా. డిపోలో మేనేజరు గది బయట మమ్మల్ని బల్లమీద కూర్చోబెట్టి, ఆయన తీరిగ్గా టీ తాగి పిలిచాడు. మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు. అక్క తన ఉద్యోగం చెప్పి, మూత్రసంచి గురించీ, చీము గురించీ, తాళం గురించీ చెప్పింది. ఆ మాటలు వినబడుతున్నంతసేపూ ఆయన బల్లమీది పేపరు వెయిటును తిప్పుతూ దానికేసే చూశాడు.

"చూడండి మేడం," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళు ఈ ఉద్యోగం చెయ్యట్లేదా? ఒక్కరూ అడగలేదే. అయినా మీ గురించి విన్నాను. ఆసుపత్రిలో మీరు నేర్పేది ఆపుకోవడమే కదా? ఇంకాస్త గట్టిగా నేర్పండి. నేను తాళాలు తీస్తూ కూర్చోలేను కదా."

ఎదుటివాళ్ళకు మాట అందనివ్వని మా అక్క, నీళ్ళు నములుతూ లేచి బయటికొచ్చింది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నా మాటే తీసి నా మొహాన కొట్టాడే" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అక్క ఏడవడం నేను చూసింది తక్కువ.

ఇంటికి పోవడానికి అటుగా వచ్చిన బస్సెక్కితే అది కండక్టరుదే. మా మొహాలు చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ఏమన్నాడని అడిగింది. అక్క జరిగింది జరిగినట్టు చెప్పింది, చివరి మాటతో సహా. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయింది. ఒళ్ళు మండి ఉందని తెలుస్తూనే ఉంది.

ఊరు దాటే చోట పెద్ద పెట్రోలు బంకు ఉంది. దాని పక్కన శుభ్రమైన మరుగుదొడ్లు, తెల్లటి తలుపులు. బస్సు దాని ముందుకు రాగానే గంట ఠంగుమని మోగింది. డ్రైవరు బ్రేకు వేసి వెనక్కి చూశాడు. అక్కడ స్టాపు లేదు.

"నేను ఒంటికి పోయొస్తున్నా," అంది కండక్టరు, ఆ నిండు గొంతుతో, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా వినబడేలా. "వచ్చేదాకా బస్సు కదలదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కిటికీ పక్కన బ్యాగు పెట్టుకున్న ఒకాయన, "ఇదేం పద్ధతమ్మా, ఇవన్నీ ఇంటి దగ్గర చూసుకుని రావాలి. కంప్లైంటు ఇస్తా" అన్నాడు. "నా నంబరు రాసుకోండి," అని ఆమె చొక్కాకున్న బిళ్ళ ఆయన మొహం ముందుకు తెచ్చింది. "తప్పు పోకుండా రాసుకోండి." రాసుకునేదాకా నిలబడి మరీ దిగింది.

తర్వాత ముందు సీట్లోంచి ఒక ముసలావిడ కర్ర ఆనించుకుని లేచింది. "నాయనా, ఎలాగూ ఆపారు కదా, నేనూ పోయొస్తా" అంది డ్రైవరుతో. ఆమె వెనక బిడ్డను చంకనేసుకున్న పిల్ల. ఆ వెనక కూరగాయల బుట్టలావిడ, బుట్టను పక్కాయనకు అప్పజెప్పి మరీ. ఆ వెనక బడి టీచర్లు ఇద్దరు. నిలబడ్డవాళ్ళూ, కూర్చున్నవాళ్ళూ, ఒకరి తర్వాత ఒకరు. బస్సులో ఆడవాళ్ళ సీట్లు ఖాళీ అయిపోయాయి. బ్యాగాయన నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. వీళ్ళంతా ఎంత దూరం నుంచి, ఎంతసేపటి నుంచి బిగపట్టుకుని కూర్చుని వస్తున్నారో!

నేనూ లేచాను. లేచి, చేతిలో సంచిని వెనక అడ్డం పెట్టుకున్నాను. అక్క నా సంచి కేసి చూసింది, నా మొహం కేసి చూసింది. బస్సు బ్రేకు వేసినప్పుడు ముందు సీటుకు గుద్దుకుని గట్టిగా దగ్గాను, అంతే. అక్క పక్కకు జరిగి దారిచ్చింది.

బ్యాగాయన అన్నంతపనీ చేశాడు. మర్నాడే కండక్టరును పిలిచి, స్టాపు లేని చోట బస్సు ఎందుకు ఆపావో చెప్పమన్నాడట మేనేజరు. ఆమె చెప్పింది. కాస్త మర్యాదగా చెప్పు, పైవాళ్ళకు రాసి పంపాలి అన్నాడట. "మర్యాదగా ఇంకెలా చెప్పను సార్, మీరే రాయండి" అని నిలబడిందట. ఆమెను బస్సు దింపాలంటే కారణం రాయాలి. ఆ మాట తన చేత్తో రాయడానికి ఆయనకు పెన్ను ముందుకు పోలేదు. చాలాసేపు పేపరు వెయిటు తిప్పి తిప్పి, చివరికి "అనివార్య కారణాల వల్ల" అని రాసి సంతకం పెట్టాడట. అనివార్యమైన దానికి శిక్ష ఎలా వేస్తారు? వేయలేక వదిలేశాడు. అప్పటినుంచీ ఆ బస్సు రోజూ ఆ బంకు దగ్గర అనివార్య కారణాల వల్ల ఆగుతోంది. ఆఖరి స్టేజీలో తాళం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. అక్క ఇప్పటికీ దాని గురించి ఎవరో ఒకరిని తిడుతూనే ఉంటుంది.

నా సంగతా? ఆ మర్నాడు భోజనాల వేళ అక్క కిందికొచ్చి, కిటికీ మూసి, నా రెక్క పట్టుకుని మెట్లెక్కించింది. విరిగిన మంచం ఒకటి వరండాలోకి తోసి, చాప పరిచి, పడుకోమంది.

"ఎప్పట్నుంచే?"

"బాబు పుట్టినప్పట్నుంచి."

"వాడికి మీసాలు వస్తున్నాయే!" అని అరిచింది. "నా పక్కనే ఉంటావు, నా కంచంలో తింటావు, ఊళ్ళోవాళ్ళందరికీ నా గదికి చీటీలు రాస్తావు. నాకొక్క మాట చెప్పలేకపోయావా? ఎందుకు చెప్పలేదు?"

"అందరికీ ఉండేదేగా అక్కా" అన్నాను.

కొడుతుందేమోననుకున్నాను. కొట్టలేదు. తలుపుకు ఆనుకోవడానికి బయట ఎవరూ లేరని గుర్తొచ్చి, స్టూలు లాక్కుని తానే తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. "ఊపిరి బిగబట్టకు," అంది. "గట్టిగా అరువు. నాకు వినబడాలి."